ఇంటి పక్క ఆటస్థలమా, దూరంలో ఉన్న పెద్ద పార్కా?

మూడేళ్లలోపు పిల్లలుంటే మాత్రం నా ఓటు ఇంటి పక్కనున్న చిన్న ఆటస్థలానికే. నడిచి వెళ్లొచ్చు, ఏడుపు మొదలుపెడితే ఐదు నిమిషాల్లో ఇంటికొచ్చేయొచ్చు, పైగా చుట్టూ కంచె, ఒకటే గేటు ఉంటే బిడ్డ ఎటు పరిగెత్తాడోనన్న టెన్షన్ ఉండదు. కాకపోతే చాలాచోట్ల నీడ ఉండదు. ఎండలో కాగిన జారుడుబల్ల, ప్లాస్టిక్‌దైనా సరే, లేత చర్మాన్ని కాల్చేస్తుంది, అందుకే ముందు మీ అరచేయి ఆనించి చూడండి. ఒళ్లో కూర్చోబెట్టుకుని మాత్రం జారకండి, బిడ్డ కాలు అంచుకు తట్టుకుంటే మీ బరువుకి ఎముక విరగొచ్చు.

పెద్ద పార్కులో చెట్లు, గడ్డి, పుల్లలు ఏరుకుంటూ గంటసేపు గడిపేంత చోటు ఉంటాయి. నాలుగైదేళ్ల వాళ్లకి అదే స్వర్గం. కానీ అక్కడి ఎత్తైన, ఎక్కి ఆడే పరికరాలు ఎక్కువగా 5 నుంచి 12 ఏళ్ల వాళ్లకోసం చేసినవి, బుడతడికి అందవు. చెరువుంటే ఇంకో పెద్దమనిషి తోడు లేకుండా ఇద్దరు పిల్లలతో నేనైతే వెళ్లను. టాయిలెట్ ఎక్కడుందో వెళ్లగానే చూసుకోండి.