హమ్‌సఫర్: మళ్లీ మళ్లీ చూశాక మిగిలేది

పాకిస్తానీ సీరియల్ 'హమ్‌సఫర్'లో కథానాయిక ఖిరద్‌ది హైదరాబాద్ అనగానే చార్మినార్ గుర్తుకు తెచ్చుకోకండి. అది సింధ్‌లోని హైదరాబాద్, కరాచీకి రెండు మూడు గంటల దూరం. కొత్తగా చూసే మనవాళ్లు ముందు పొరబడేది ఇక్కడే.

రోగంతో చావుబతుకుల్లో ఉన్న మైమూనా తన కూతురు ఖిరద్‌ను కరాచీలో డబ్బున్న తోడబుట్టినవాడు బసీరత్ చేతిలో పెడుతుంది. ఆయన తన కొడుకు అషర్‌తో పెళ్లి చేస్తాడు. తెలుగులో చెప్పాలంటే మేనరికం, అషర్ ఆ పిల్లకు సొంత బావ. సబ్‌టైటిళ్లలో 'కజిన్' అన్న ఒక్క మాట పడగానే ఈ సంగతంతా కొట్టుకుపోతుంది. మేనమామ భార్యను ఉర్దూలో ముమానీ అంటారు, పెళ్లయితే ఆవిడే సాస్ అవుతుంది. మనకు అప్పుడూ అత్తే, ఇప్పుడూ అత్తే. బసీరత్ భార్య ఫరీదాకు మాత్రం ఈ వరసల్లో ఏదీ గిట్టదు. తనను అడగకుండా, ఆడపడుచు కూతురు కోడలై ఇంట్లో దిగింది. ఆ ఉక్రోషాన్ని ఫరీదాగా నటించిన అతికా ఓధో అరుపుల్లో చూపించదు, తియ్యటి మాటల్లో చూపిస్తుంది. అందుకే రెండోసారి చూస్తున్నప్పుడు ఆవిడ నవ్విన ప్రతిచోటా గుండె జారుతుంది.

2011 సెప్టెంబర్ నుంచి 2012 మార్చి దాకా హమ్ టీవీలో వారానికొకటి చొప్పున 23 ఎపిసోడ్లు వచ్చాయి. ఫర్హత్ ఇష్తియాక్ తన నవలనే సీరియల్‌గా రాసింది, సర్మద్ ఖూసట్ తీశాడు. మన సీరియళ్లలా ఏళ్ల తరబడి సాగదు కాబట్టి రోజుకు రెండు చూస్తే పన్నెండు రోజుల్లో అయిపోతుంది. మొదటి సగాన్ని మాత్రం వేగం పెంచి చూడొద్దు. ఇష్టం లేని పెళ్లి నెమ్మదిగా కాపురంగా మారే తీరంతా ఖిరద్, అషర్‌లుగా నటించిన మాహిరా ఖాన్, ఫవాద్ ఖాన్‌ల మౌనంలోనే ఉంది. ఆమె అతన్ని 'ఆప్' అంటుంది, అతను 'తుమ్' అంటాడు. మన ఇళ్లలోని మీరు, నువ్వు లాగే. చదువు కొనసాగించమని అతను ప్రోత్సహించే చోట దగ్గరితనం ఎంత సహజంగా పుడుతుందో గమనించండి. పాటలూ డ్యూయెట్లూ అక్కర్లేదు.

సగం దాటాక ఇంజను మొరాయిస్తుంది. ఖిరద్‌తో చదువుకునే ఖిజర్‌ను అడ్డం పెట్టుకుని ఫరీదా ఆమె మీద నింద మోపుతుంది, కడుపుతో ఉన్న ఖిరద్ ఇల్లు వదలాల్సి వస్తుంది. నాలుగేళ్ల తర్వాత గుండెజబ్బున్న కూతురు హరీమ్‌కు ఆపరేషన్ చేయించడం కోసం తిరిగొస్తుంది. ఇక్కడ బలహీనత నటనలో లేదు, కథ కట్టడంలో ఉంది. భార్య రాసిన ఉత్తరాన్ని అన్నేళ్లు విప్పకుండా ఉంచే మగాణ్ని నమ్మాలంటే మొదటి సగంలో చూసిన అషర్‌ను మరిచిపోవాలి. పైగా పాత దృశ్యాలు మాటిమాటికీ తిరిగొస్తాయి, వాటిని జరిపేసినా నష్టం లేదు. అషర్‌ను ప్రేమించిన సారా పాత్రకు ఇచ్చిన ముగింపు మరీ అన్యాయం.

నసీర్ తురాబీ గజల్‌ను ఖురతుల్ ఐన్ బలోచ్ పాడిన టైటిల్ పాటను మాత్రం దాటవేయకండి. 'హమ్' అంటే మన 'సహ', 'సఫర్' ప్రయాణం. గజల్‌లో దాని పక్కనే 'హమ్‌నవాయీ' అన్న మాట వస్తుంది, అంటే గొంతు కలవడం. కలిసి నడిచినా గొంతు కలవలేదన్నదే ఆ మొదటి పాదం భావం. ఇరవై మూడు ఎపిసోడ్ల కథా అందులోనే ఉంది.

హైదరాబాదీ ఉర్దూ వచ్చినవాళ్లకు సబ్‌టైటిళ్లు పెద్దగా అక్కర్లేదు. కాకపోతే నక్కో, కైకు, హౌ వినబడవు. నటులు తొందరపడకుండా మాట్లాడతారు కాబట్టి హిందీ మాత్రమే తెలిసినవాళ్లూ రెండు ఎపిసోడ్లలో అలవాటు పడతారు.

2014లో జిందగీ ఛానల్ దీన్ని మన ఇళ్లలోకి తెచ్చింది. 2025 మేలో పాకిస్తానీ కార్యక్రమాలు తీసేయాలని ఓటీటీలకు కేంద్రం చెప్పాక ఇక్కడ దారులు మూసుకుపోయాయి. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లు హమ్ టీవీ యూట్యూబ్‌లో వెతుక్కోవచ్చు.