ఎడిసన్‌లో తద్దినం: వంటింటి గుమ్మంలోంచి ఒక సమీక్ష

మా ఇంట్లో తద్దినం పెట్టేది మావారు, మడి కట్టుకునేది నేను. న్యూజెర్సీలో ఇంటికి వచ్చి ఆబ్దికం చేయించే ఒక పురోహితుల సేవ గురించి వంటింటి గుమ్మంలో నిలబడి చూసిందే ఇక్కడ రాస్తున్నాను. రెండేళ్లుగా వీరినే పిలుస్తున్నాం. పేరు రాయడం లేదు. ఒక పంతులుగారు, ఒక వంటావిడ, ఒక పాత వ్యాను, అంతే వారి సంస్థ. మంచి రాసినా చెడు రాసినా అది నేరుగా ఆ ఇద్దరికే తగులుతుంది. కావలసినవారు ఎడిసన్‌లో ఏ పచారీ కొట్టులో అడిగినా దారి దొరుకుతుంది.

మామగారు పోయింది మార్గశిర బహుళ దశమి నాడు. సంవత్సరీకాలు తెనాలిలోనే చేసి వచ్చాం. ఆ తరవాత ప్రతి ఏడూ చలికాలంలో నలుగురికీ విమానం టికెట్లు కొనడం మా వల్ల కాలేదు. మా మరిది అక్కడ పెడుతూనే ఉన్నాడు కదా, మనం ఒక పూట ఉపవాసం ఉండి స్వయంపాకం ఇస్తే చాలదా అని మొదట అన్నది నేనే. ఆ సందేహం పంతులుగారి దగ్గర పెడితే ఆయన నవ్వేశారు. అన్నదమ్ములు వేరుపడి ఎవరి పొయ్యి వారిదైతే ఎవరి తద్దినం వారిదేనట. "సముద్రం దాటి వచ్చాక ఇంకా ఉమ్మడి పొయ్యి ఎక్కడిదమ్మా?" అన్నారు.

వీరి దగ్గరికి చేరే ముందు రెండు ప్రయోగాలు చేశాం. మొదటిది వీడియో తద్దినం. హైదరాబాదు నుంచి నడిపే ఒక సేవ, 116 డాలర్లు. తేదీ వాళ్లే చెప్పారు, ఉదయం 7 గంటలకు కూర్చోమన్నారు. డిసెంబరులో మా ఊళ్లో 7 గంటలకు ఇంకా సూర్యోదయం కూడా కాదు. చీకట్లో గారెలు వండి, దీపం పెట్టి, ఫోనును పప్పు డబ్బాకు ఆనించి కూర్చున్నాం. అవతల ఆయనకు సాయంత్రం అయిదున్నర, వెనక ఎవరో కుక్కర్ పెట్టారు, మూడు కూతలు మేమూ విన్నాం. న్యూజెర్సీలో కూర్చున్న మనిషి చేత "జంబూద్వీపే భరతవర్షే భరతఖండే" అని సంకల్పం చెప్పించి నలభై నిమిషాల్లో ముగించారు. మధ్యలో రెండుసార్లు బొమ్మ ఆగిపోయింది. ఆగినప్పుడు జంధ్యం ఎడమ భుజం మీద ఉండాలో కుడి భుజం మీద ఉండాలో తెలియక మావారు దాన్ని చేత్తో పట్టుకుని కూర్చున్నారు.

అసలు తప్పు ఏమిటో తరవాత తెలిసింది. ఆ ఏడు దశమి తెనాలి లెక్కన సాయంత్రం 5 గంటలకు వచ్చి మర్నాడు సాయంత్రం ఆరున్నర దాకా ఉంది. తద్దినానికి తిథి అపరాహ్ణంలో ఉండాలి కాబట్టి అక్కడ మర్నాడే పెట్టాలి, మా మరిది అలాగే పెట్టాడు. కానీ మాకు అదే దశమి ఉదయం ఆరున్నరకు వచ్చి మర్నాడు ఉదయం 8 గంటలకే వెళ్లిపోతుంది. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగో భాగం అపరాహ్ణం. డిసెంబరు మధ్యలో ఇక్కడ పగలు తొమ్మిదింబావు గంటలే కనుక అది సుమారు 12:50 నుంచి 2:40 దాకా. ఆ వేళకు దశమి ఉన్నది ముందురోజున. అంటే మేము పెట్టవలసింది తెనాలి కంటే ఒక రోజు ముందు. ఇండియా క్యాలెండరు చూసి తేదీ చెప్పిన ఆ సేవవారు మా చేత అపరాహ్ణంలో ఏకాదశి ఉన్న రోజున, అదీ సూర్యుడు రాకముందు, తద్దినం పెట్టించారు. ఈ లెక్క నాకు కాగితం మీద గీసి చూపించింది ఇప్పటి పంతులుగారే. ఆయనకు నేను వేసే మొదటి మార్కు ఇది.

రెండో ఏడు గుడిలో వంట లేకుండా శ్రాద్ధం చేశాం. బియ్యం, పెసరపప్పు, కూరలు, దక్షిణ ఇచ్చి గంటలో ఇంటికి వచ్చాం. లోపం ఏమీ లేదు. కుదరనివారికి అదే మార్గం. మా అత్తగారు మాత్రం ఫోనులో "మంచిదమ్మాయ్" అని ఊరుకున్నారు. ఆ ఊరుకోవడంలోనే అంతా ఉంది.

ఇక ఈ సేవ. ఫోను చేయగానే ఒక ప్రశ్నల కాగితం పంపారు. సగం మామూలువే: గోత్రం, శాఖ, సూత్రం, మూడు తరాల పేర్లు, పోయినచోటు, పోయినవేళ. మిగతా సగం చూసి నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మీ ఇంట్లో మిరపకాయ వాడతారా, మిరియాలేనా? ఇంగువ ఉందా? కందిపప్పా, పెసరపప్పా? గారెలతో పాటు బూరెలా, అప్పాలా? నువ్వుల పచ్చడి ఏ రకం? పెరుగు పచ్చడిలో అల్లం వేస్తారా? ఎంతమంది వంటింట్లోకి వస్తారు? అత్తగారు ఉన్నారా, ఫోనులో దొరుకుతారా? ఆ చివరి ప్రశ్న రాసినవారికి తెలుగు ఇళ్ల సంగతి బాగా తెలుసు. రెండు గంటలు తెనాలికి ఫోనులో మాట్లాడి ఆ కాగితం నింపాను. మామగారికి కంద బచ్చలి కూర ఇష్టమనీ, కానీ ఆయన తండ్రి తద్దినానికి మాత్రం అరటికాయే వండించేవారనీ పెళ్లయిన పద్దెనిమిదేళ్లకు నాకు ఆ రోజు తెలిసింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తేలింది. మడిచీర డ్రయ్యర్‌లో వేయవచ్చా? "అందరి మేజోళ్లూ తిరిగిన డబ్బాలో వేస్తే మడి ఎలా అవుతుందమ్మాయ్?" అని అత్తగారు. పంతులుగారు మధ్యేమార్గం చెప్పారు. ముందురోజు రాత్రి తడిపి, అతిథుల స్నానాల గదిలో కర్రమీద ఆరేసి, తలుపు వేసి, ఇంట్లో హీటరు నడవనివ్వండి అని. తెల్లారేసరికి ఎండలో ఆరిన దానికంటే కరకరలాడుతూ ఆరింది. న్యూజెర్సీ చలికాలం మడికి ఇంత అనుకూలమని ఎవరూ చెప్పలేదు.

వంటావిడ ఆరింటికే వచ్చారు, మా పొయ్యి చూసి పెదవి విరిచారు, తన ఇత్తడి గిన్నెలు దించారు. ఉల్లిపాయల సంచి, వెల్లుల్లి, పిల్లల పిజ్జా పెట్టెలు అన్నీ రాత్రే కారు షెడ్డులోకి పోయాయి. మినప్పిండి రుబ్బుతున్న చప్పుడు, మిరియాలు దంచిన వాసన, నేతిలో వేగుతున్న అప్పాలు. ఇక్కడికి వచ్చి పదిహేనేళ్లయినా మా ఇల్లు ఇంటిలా వాసన వేసింది ఆ ఉదయమే. ఆవిడ ఉప్పు రుచి చూడరు. తద్దినం వంట ఎవరూ రుచి చూడకూడదు కదా. అయినా దేనిలోనూ ఒక్క పలుకు తక్కువ కాలేదు.

మొదటిసారి ఇద్దరు భోక్తలు, అంటే పితృదేవతల పేర భోజనానికి కూర్చునేవారు, దొరికారు. ఇద్దరూ కంప్యూటర్ ఉద్యోగులే. సగం రోజు సెలవు పెట్టి లాప్‌టాప్ సంచులతో వచ్చి, స్నానం చేసి పంచెలు కట్టుకున్నారు. ఫోనులో దిక్కులు చూసి విశ్వేదేవ స్థానంలో ఒకరిని తూర్పు ముఖంగా, పితృస్థానంలో ఒకరిని ఉత్తర ముఖంగా కూర్చోబెట్టారు. భోజనం చివర మావారు "తృప్తాః స్థ?" అని అడిగితే ఆ ఇద్దరిలో చిన్నవాడు పరమాన్నం మింగి, సర్దుకుని, "తృప్తాః స్మః" అన్నాడు. అతని గొంతులో ఏదో తడబాటు. తరవాత అడిగితే వాళ్ల నాన్నగారి తద్దినం ఊళ్లో వాళ్ల అన్న పెడతాడని, తను ఎప్పుడూ చూడలేదని అన్నాడు. రెండోసారి, అంటే నిరుడు, భోక్తలు దొరకలేదు. దర్భలతో కూర్చలు కట్టి ఆసనాల మీద ఉంచి, వాటికే ఉపచారాలన్నీ చేయించారు.

సంకల్పం దగ్గర నేను చెవులు రిక్కించాను. "క్రౌంచద్వీపే రమణకవర్షే ఐంద్రఖండే" అన్నారు. అమెరికాలో చాలామంది పురోహితులు ఇలాగే చెబుతారట. మావారు పంతులుగారు చెప్పినట్టల్లా చేస్తూ పోయే మనిషి. ఆయన కూడా ఒకచోట ఆగి ఎందుకిలా అని అడిగారు. తర్పణం నీళ్లు వేళ్ల చివర నుంచి కాక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి ఎందుకు వదలాలని. పంతులుగారు మావారి చెయ్యి పట్టుకుని తిప్పి, ఆ చోటును పితృతీర్థం అంటారని చూపించారు. నల్లనువ్వులు తడికి ఆ సందులో అతుక్కుని ఉన్నాయి. వాటిని దులపబోతే వద్దని, ఇంకాస్త నీళ్లు పోసి వాటంతట అవే జారేలా చేశారు. వీడియోలో ఈ చెయ్యి పట్టుకోవడం ఉండదు.

పొగ గురించి అందరూ అడుగుతారు. అగ్నౌకరణం, అంటే అన్నాన్ని అగ్నిలో వేసే హోమం, కారు షెడ్డులో, తలుపు సగం ఎత్తి చేశారు. ఆ చలికి మావారి పళ్లు కటకటలాడాయి. పక్కింటాయన వచ్చి అంతా బాగానే ఉందా అని ఒకసారి చూసి వెళ్లాడు. పిండాలను నదిలో వేయవద్దని పంతులుగారు ముందే చెప్పారు. పెరట్లో తవ్వుదామంటే చలికి నేల రాయిలా గడ్డకట్టి ఉండవచ్చు. అందుకని అక్టోబరులోనే పెద్ద కుండీలో మట్టి నింపి షెడ్డులో పెట్టుకోమన్నారు. ఈ ఒక్క సలహాకే డబ్బు ఇవ్వవచ్చు. కాకి కోసం డెక్కు మీద విస్తరి పెడితే ఉడుత వచ్చి గారె ఎత్తుకుపోయింది. అత్తగారికి చెబితే కాసేపు ఆలోచించి, "రాముడికి పనికొచ్చింది, మనకు పనికిరాదా?" అన్నారు.

ఫిర్యాదులూ ఉన్నాయి. మొదటి ఏడు పంతులుగారు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. అపరాహ్ణం రెండు గంటలు కూడా లేని ఊళ్లో నలభై నిమిషాలంటే చిన్న మాట కాదు. 35 డాలర్లకు వారు అమ్మే సామగ్రి పెట్టెలో దర్భలు పాతవి, వేలికి పెట్టుకునే పవిత్రం ముడి వేస్తుంటే రెండుసార్లు విరిగాయి. అరటి ఆకులు గడ్డకట్టించిన పొట్లాల్లోవి, కరిగేసరికి నల్లబడ్డాయి. ఆకులు మీరే ముందురోజు తాజావి తెచ్చుకోండి. దర్భలు ఇండియా నుంచి వచ్చేవారి చేత తెప్పించుకోండి. మొత్తం మాకు అయింది 466 డాలర్లు: పంతులుగారికి 251, వంటావిడకు 180, సామగ్రికి 35. భోక్తల దక్షిణ వేరు. ఎక్కువే. ఇద్దరు ముగ్గురికి ఒకే రోజు తిథి వస్తే దొరకరు కాబట్టి నెల ముందు చెప్పుకోవాలి.

నిరుడు అంతా అయ్యాక, పంతులుగారు వ్యాను ఎక్కబోతుంటే నాకు చాలాకాలంగా గొంతులో ఉన్న మాట అడిగేశాను. మా నాన్నకు మేమిద్దరం ఆడపిల్లలమే. నాన్న తిథి వస్తుంది, వెళుతుంది. ఆ రోజు నేను ఉల్లిపాయ మానేస్తాను, అంతే. ఆయన వ్యాను తలుపు మూసి వెనక్కి వచ్చారు. మా అబ్బాయికి ఎన్నేళ్లని అడిగారు. పద్నాలుగు. "తండ్రి బతికి ఉన్న మనవడు తల్లి తండ్రికి శ్రాద్ధం పెట్టే రోజు ఒకటి ఉందమ్మా, ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి" అన్నారు. దసరా నవరాత్రులు మొదలయ్యే రోజు. శ్రాద్ధంలో పవిత్రమైనవి మూడని మనువు చెప్పాడట: కూతురి కొడుకు, కుతప కాలం అనే మిట్టమధ్యాహ్నపు వేళ, నువ్వులు. "దౌహిత్రః కుతపస్తిలాః" అని చలిలో నిలబడే చదివి వినిపించారు. ఇన్నేళ్లు కలశం పెట్టి, బొమ్మలు సర్ది, శుభాకాంక్షలు పంపుకున్న రోజే అది.

మర్నాడు వీళ్ల కాగితమే ఇంకోటి వచ్చింది, ఈసారి మా నాన్న పేరుతో. ఈ సలహాకు వారు ఏమీ తీసుకోలేదు. మా అబ్బాయే కూర్చుని నింపాడు. గోత్రం అన్నచోట వాడి గోత్రం రాస్తుంటే ఆపి మా పుట్టింటిది రాయించాను. మాతామహుడు, రాశాడు. ఆయన తండ్రి, రాశాడు. ఆయన తండ్రి పేరు ఏమిటమ్మా అన్నాడు. నాకు తెలియదు. విజయవాడలో పిన్నికి ఫోను చేశాను. తనకూ గుర్తు లేదంది, బాపట్లలో ఉన్న పెద్దనాన్న కొడుకును అడిగి చెబుతానంది. అతను ఇంటి పత్రాలు వెతుకుతున్నాడట. కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంచాం, మూడో గడి ఇంకా ఖాళీగానే ఉంది.