ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ మంచిదే, గొడవంతా రాత్రి రన్‌తోనే

ప్రొడక్షన్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు డెమోలో ఎంతో ముచ్చటగా చూపించే ఫీచర్ ఒకటుంది. అర్ధరాత్రి దాటాక సిస్టమ్ తనంతట తానే ఉన్న ఆర్డర్లు, చేతిలో ఉన్న స్టాకు, రావాల్సిన సరుకు అన్నీ మొదటి నుంచి లెక్కేసి, మనం పొద్దున వచ్చి కూర్చునేసరికి కొత్త ప్లాన్ సిద్ధం చేసి పెడుతుంది. "మీరు చేయాల్సిందేమీ ఉండదు సార్" అంటారు. ఈ సాఫ్ట్‌వేర్ మీద నాకు ఒళ్లు మండేది సరిగ్గా ఆ రాత్రి లెక్క దగ్గరే, మేం రాత్రి రన్ అనేదాని దగ్గరే.

మిగతా వాటి మీద పెద్ద ఫిర్యాదు లేదు. చాలా ఏళ్లుగా రోజూ వాడుతున్నాను. బీఓఎం (ఒక వస్తువుకు ఏ భాగాలు ఎన్ని కావాలో చెప్పే జాబితా) ఎలా ఎక్కించాలి, రిపోర్టులు ఎన్ని రకాలు అనేవి ఏ బ్రోచర్‌లోనైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. పేరు కూడా రాయను. ఈ తరహా ప్యాకేజీల్లో ఏది తీసుకున్నా లోపల నడిచే లెక్క దాదాపు ఒకటే. 1960ల్లో ఐబీఎంలో జోసెఫ్ ఓర్లికీ లాంటివాళ్లు ఒక రూపానికి తెచ్చిన ఎంఆర్‌పీ (మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్) లెక్క అది. ఫలానా తేదీకి ఇన్ని వాల్వులు కావాలంటే ఎన్ని బాడీలు, ఎన్ని స్టెమ్‌లు కావాలి, చేతిలో ఉన్నవీ దారిలో ఉన్నవీ తీసేస్తే ఎన్ని తక్కువ పడతాయి, అవి రావడానికి పట్టే సమయాన్ని వెనక్కి లెక్కేస్తే ఆర్డర్ ఎప్పుడు పెట్టాలి. అంతే. అప్పటి కంప్యూటర్లలో ఇది తిరగడానికి గంటలు పట్టేది కాబట్టి వారానికోసారి నడిపితే గొప్ప. ఇప్పుడు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి రోజూ నడిపేస్తున్నాం. రోజూ నడపడం అవసరమా అని మాత్రం ఎవరూ అడగరు.

మేం చేసేది వాల్వులు. అసెంబ్లీకి ఒక వారం పడుతుంది. బాడీ కాస్టింగ్‌లు, అంటే పోతపోసిన బాడీలు, బయటి ఫౌండ్రీ నుంచి రావాలి, వాటికి నాలుగు వారాలు. ప్రతి సైజుకూ వారం వారం లైన్ సెట్టింగ్ మార్చడం దండగ కాబట్టి, ఎప్పుడు స్టాకు తక్కువ పడితే అప్పటి నుంచి నాలుగు వారాల అవసరాన్ని ఒకే లాట్‌గా కలిపి చేయమని సిస్టమ్‌లో రూల్ పెట్టి ఉంది. చాలా ఫ్యాక్టరీల్లో ఇలాంటి రూలే ఉంటుంది, ఇందులో విడ్డూరమేమీ లేదు.

ఒకసారి ఒక సైజు వాల్వు పరిస్థితి ఇలా ఉంది. అంకెలు గుండ్రం చేశాను, జరిగింది మాత్రం ఇదే. చేతిలో రెడీ వాల్వులు 100. రాబోయే ఏడు వారాల్లో పంపాల్సినవి వరసగా 30, 60, 20, 25, 15, 20, 200. చివరి 200 ఒక పెద్ద ప్రాజెక్టు ఆర్డర్. రెండు వారాలు గడిచేసరికి స్టాకులో 10 మిగులుతాయి, మూడో వారంలో పది తక్కువ పడతాయి. మూడో వారం నుంచి ఆరో వారం దాకా కలిపి కావాల్సినవి 80, మిగిలిన ఆ 10 పోను 70 చేయాలి, వాటికి కాస్టింగ్‌లు రెండో వారంలో కావాలి. స్టోర్స్‌లో 10 కాస్టింగ్‌లు ఉన్నాయి, ఆ వారమే ఫౌండ్రీ నుంచి 60 వస్తున్నాయి. సరిపోయింది. ప్రాజెక్టు తాలూకు 200కి కాస్టింగ్‌లు ఆరో వారానికి కావాలి, రెండో వారంలో ఆర్డర్ పెడితే చాలు. స్క్రీన్ అంతా పచ్చగా ఉంది.

ఆ సాయంత్రం ఒక కస్టమర్ ఫోన్ చేసి, రెండో వారం పంపాల్సిన వాటిలో పది తగ్గించమన్నాడు. 60 కాస్తా 50 అయింది. సేల్స్ వాళ్లు సిస్టమ్‌లో మార్చేసి ఇళ్లకు వెళ్లిపోయారు. తగ్గించమన్నాడే గానీ పెంచమనలేదు కదా, దీనికి ప్లానింగ్‌కు చెప్పేదేముంది అనుకుని ఉంటారు.

పొద్దున చూస్తే ఎరుపు. కాస్టింగ్‌లు 190 తక్కువ, మూడో వారానికే కావాలి, ఆర్డర్ రెండు వారాల కిందటే పెట్టి ఉండాల్సింది అని మెసేజ్.

డిమాండ్ పది తగ్గితే కొరత నూట తొంభై ఎలా వచ్చింది? ఆ పది మిగలడంతో మూడో వారం కూడా స్టాకుతోనే గడిచిపోయి, సరిగ్గా సున్నా దగ్గర ఆగింది. మొదటి లోటు మూడో వారం నుంచి నాలుగో వారానికి జరిగింది. రూల్ ప్రకారం ఇప్పుడు అక్కడి నుంచి నాలుగు వారాలు కలపాలి. 25, 15, 20, వీటితో పాటు అంతదాకా విడిగా ఉన్న ఆ 200 కూడా ఇదే లాట్‌లో వచ్చి పడింది. మొత్తం 260. అవి నాలుగో వారానికి తయారవ్వాలంటే కాస్టింగ్‌లు మూడో వారంలో చేతిలో ఉండాలి. ఉండేవి 70. లీడ్ టైమ్ (సరుకు రావడానికి పట్టే సమయం) వెనక్కి లెక్కేస్తే ఆర్డర్ తేదీ ఎప్పుడో దాటిపోయింది. సిస్టమ్ చెప్పినదాంట్లో ఒక్క అంకె తప్పు లేదు. అసలు బాధంతా అదే. లెక్క తప్పయితే సపోర్ట్ వాళ్లకు ఫోన్ చేసి కడిగేయొచ్చు.

నిజానికి ఆ 200 ఏడో వారానికి ముందు ఎవరికీ అక్కర్లేదు. ఏ కస్టమర్‌కూ ఏ వాల్వూ ఆలస్యం కావడం లేదు. కానీ పర్చేజ్‌లో కూర్చున్న మనిషికి కనిపించేది ఒక కాస్టింగ్ కోడ్, దాని పక్కన 190, దాని మీద ఎర్ర రంగు. ఆయన తన పని తాను చేశాడు. ఫౌండ్రీ వాళ్లకు ఫోన్ చేసి, అర్జెంట్ అని బతిమాలాడు. నాలుగు వారాల లీడ్ టైమ్ అంటాం గానీ అందులో ఎక్కువ భాగం వరసలో వేచి ఉండడమే, పోతపోయడానికి పట్టేది తక్కువ. వాళ్లు మా మాట కాదనలేక, అప్పటికే లైన్‌లో ఉన్న మా ఇంకో సైజు బాడీలను పక్కన పెట్టి వీటిని అందుకున్నారు. ఆ ఇంకో సైజు నిజంగా అవసరమైనది.

అక్కడితో అయినా పోనీ అనుకోవచ్చు. వారం మధ్యలో అదే కస్టమర్ మళ్లీ ఫోన్ చేసి, తగ్గించక్కర్లేదు, ముందు చెప్పినన్నే పంపండి అన్నాడు. ఆ రాత్రి రన్ అయ్యాక మెసేజ్ ఏమిటంటే, కాస్టింగ్‌ల ఆర్డర్‌ను ఆరో వారానికి వాయిదా వేయండి! మూడు రోజుల కిందట కాళ్లావేళ్లా పడ్డ వాళ్లకే ఇప్పుడు ఫోన్ చేసి ఆపమని చెప్పే మొహం పర్చేజ్‌లో ఎవరికీ లేదు. చేసినా లాభం లేదు, పోత అయిపోయింది. అవసరం లేని బాడీలు యార్డు నిండా వచ్చి పడ్డాయి, డబ్బు వాటిలో ఇరుక్కుంది. అవసరమైన బాడీల కోసం అవతల లైన్ ఖాళీగా కూర్చుంది. డిస్పాచ్ మీటింగులో అందరూ ప్లానింగ్ వైపు చూశారు.

దీన్ని ప్లానింగ్ రంగంలో 1970ల నుంచే సిస్టమ్ నెర్వస్‌నెస్ అంటున్నారు. పైన చిన్న కదలిక వస్తే బీఓఎంలో కిందికి దిగేకొద్దీ అది పెద్దదవుతుంది. లాట్లు కలిపే రూల్ ఉన్న ప్రతి లెవెల్ దగ్గరా ఇంకాస్త కుదుపు తోడవుతుంది. రోజూ రన్ చేస్తే కుదుపులు రోజూ వస్తాయి. కొన్నాళ్లకు పర్చేజ్ వాళ్లకు ఇది నాన్నా పులి కథలా తయారైంది. వందల మెసేజ్‌ల్లో ఏది నిజం పులో తెలియక అన్నింటినీ వదిలేయడం మొదలుపెట్టారు, సొంతంగా ఒక ఎక్సెల్ షీట్ తెరిచి అందులో నడుపుకున్నారు. అంత పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ పక్కన ఎక్సెల్ వచ్చి కూర్చుందంటే అర్థం చేసుకోవచ్చు.

మరి ఇంకా ఎందుకు వాడుతున్నావంటే, దీనికి మందు అదే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. సెట్టింగుల్లో ఎక్కడో లోపల, ప్లానింగ్ టైమ్ ఫెన్స్ అని ఒక గడి. కొత్తగా కొన్నప్పుడు అందులో సున్నా ఉంటుంది. అక్కడ రెండు వారాలో మూడు వారాలో వేస్తే, ఆ గడువు లోపలి ఆర్డర్లను సిస్టమ్ తనంతట తాను కదపదు, కదిపితే బాగుంటుందని చెప్పి ఊరుకుంటుంది. దాని పక్కనే, సిస్టమ్ వేసిన ఒక ప్లాన్డ్ ఆర్డర్‌ను ఫర్మ్ చేసి ఆ తేదీకి, ఆ సంఖ్యకు కట్టిపడేసే సదుపాయం కూడా ఉంది. పై లెక్కలోనే చూడండి. మూడో వారం 70 లాట్ ఫర్మ్ చేసి ఉంటే కస్టమర్ పది తగ్గించినా అది కదిలేది కాదు. ఆ పది వాల్వులు చివరిదాకా మిగిలి, ఏడో వారానికి 200 బదులు 190 చేస్తే సరిపోయేది. పది తగ్గితే కిందా పదే తగ్గేది. ఇంత ముఖ్యమైన గడి గురించి ట్రైనింగ్‌లో ఒక్క ముక్క చెప్పలేదు. డాష్‌బోర్డు రంగులు ఎలా మార్చుకోవాలో మాత్రం ఒక పూట చెప్పారు.

ఇప్పుడు మా దగ్గర ఆర్డర్లను కదిపే రన్ వారానికోసారే. రాత్రి రన్ ఉంది గానీ అది సమాచారం కోసం, దాని మెసేజ్‌లు చూసి ఎవరూ ఫోన్లు చేయరు. రెండు మూడు రోజుల అటూ ఇటూ తేడాలనూ చిన్న చిన్న సంఖ్యలనూ వడకట్టే ఫిల్టర్ కూడా పెట్టాం. మెసేజ్‌లు బాగా తగ్గాయి, వచ్చిన వాటిని చదువుతున్నారు. అలాగని అంతా హాయి అని కాదు. ఫర్మ్ చేసిన ఆర్డర్‌ను చూసుకోవాల్సింది మనిషే. ఎవరో ఫర్మ్ చేసి మరిచిపోయినవి, ఎప్పుడో రద్దయిన కస్టమర్ కోసం ఇంకా బతికి ఉన్నవి, నెలకోసారి ఏరిపారేయాలి. ఫెన్స్ ఎక్కువ పెడితే సేల్స్ వాళ్లు ఒప్పుకోరు, తక్కువ పెడితే మళ్లీ మొదటికొస్తుంది. మా వాల్వుకు అసెంబ్లీ, కాస్టింగ్ కలిపి ఐదు వారాలు. అంతా ఫ్రీజ్ చేస్తే భద్రమే, కానీ ఐదు వారాలు ఏమీ మార్చకండి అని ఏ కస్టమర్‌కు చెప్పగలం?

పెగ్గింగ్ గురించి ఇదివరకు అడిగినవాళ్లందరికీ నేను చాలా గొప్పగా చెప్పాను. ఈ బాడీ ఏ ఆర్డర్ కోసం, ఆ ఆర్డర్ ఏ కస్టమర్ కోసం అని పైకి పట్టుకుంటూ పోయే దారి అది. ఆ 190 వెనక ఏముందో తేల్చింది కూడా పెగ్గింగే. ఇప్పటికీ బాగుందనే అంటాను. కాకపోతే ఒక్కో క్లిక్‌కు ఒక్కో లెవెలే పైకి వెళ్తుంది, లాట్లు కలిపిన చోట ఒకే ఆర్డర్ మీద ఆరుగురు కస్టమర్లు కనిపిస్తారు. వాళ్లలో ఎవరికి ఆలస్యమైతే కొంప మునుగుతుందో అది చెప్పదు. అది మనకే తెలియాలి.

సేఫ్టీ స్టాక్, అంటే కష్టకాలానికని దాచుకునే నిల్వ, దాని లెక్కా అంతే. 95 శాతం సర్వీస్ లెవెల్ (నూటికి 95 సార్లు స్టాకు సరిపోవాలని) అడిగితే సిస్టమ్ 1.65ను, వారపు డిమాండ్ హెచ్చుతగ్గులను, లీడ్ టైమ్ వర్గమూలాన్ని గుణించి ఇస్తుంది. హెచ్చుతగ్గులు 20, లీడ్ టైమ్ నాలుగు వారాలు అయితే 66. ఈ లెక్కలో నాలుగు వారాలంటే ఎప్పుడూ నాలుగే. ఫౌండ్రీ ఒక్కోసారి ఆరు చేస్తుందన్న సంగతి అందులో లేదు. పైగా స్టాకు 66 కిందికి దిగగానే, ఏ కస్టమర్‌కూ తక్కువ పడకపోయినా, కొరత వచ్చినట్టే అరుస్తుంది. కష్టకాలంలో వాడుకోవడానికి పెట్టుకున్న నిల్వను వాడుకుంటే తిట్టినట్టు ఉంటుంది.

మెషిన్ల సంగతి సరేసరి. పదికీ వెయ్యికీ ఒకటే లీడ్ టైమ్ అనుకునే లెక్క ఇది, సీఎన్‌సీ మెషిన్ ముందు ఎంత వరస ఉందో దానికి పట్టదు. కెపాసిటీ మాడ్యూల్ విడిగా అమ్ముతారు, నేను వాడలేదు కాబట్టి దాని గురించి రాయను. మెషినింగ్‌లో బ్లో హోల్స్ (పోతలో గాలి చిక్కి పడ్డ రంధ్రాలు) బయటపడి పక్కన పడేసిన బాడీలను షిఫ్ట్ అయ్యాక కూడా ఎంట్రీ చేయని రోజులుంటాయి. ఆ రాత్రి రన్ వాటిని మంచివిగానే లెక్కేస్తుంది. దీనికి సాఫ్ట్‌వేర్‌ను అనలేం. ఖరీదైన, ఎక్కువ కదిలే ఐటమ్‌లను వారం వారం లెక్కపెట్టే అలవాటు వచ్చాక కొంత నయం.

కొనాలా వద్దా అంటే, మీ ఫ్యాక్టరీ చూడకుండా నేను చెప్పలేను. మాది లోతైన బీఓఎం, పొడవైన లీడ్ టైమ్ కాస్టింగ్‌లు, మాట మార్చే కస్టమర్లు. మా నొప్పి అందరికీ ఉండాలని లేదు. మీ సరుకు రెండు మూడు రోజుల్లో దొరికేదైతే, లాట్లు కలపాల్సిన అవసరం లేకపోతే, నేను తిట్టిన రాత్రి రన్నే మీకు వరం కావచ్చు. మాలాంటి పరిస్థితే అయితే మాత్రం డెమోకు వచ్చినవాళ్లను ఒక్కటి అడగండి. మీ సొంత డేటా ఎక్కించి, ఒక ఆర్డర్‌లో పది తగ్గించి, మళ్లీ రన్ చేయించండి. ఎన్ని గీతలు ఎర్రబడ్డాయో చూశాక ధర సంగతి మాట్లాడండి.