పోర్ట్ బ్లెయిర్ సాయంత్రాలు: పదిహేనేళ్ళ కాపురం తర్వాత ఒక సమీక్ష

నేను 2010 జూన్‌లో, కుండపోత వానలో, ఉద్యోగరీత్యా అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లో దిగాను. రెండేళ్ళుండి విశాఖపట్నం వెళ్ళిపోదామనుకున్నవాణ్ణి, పదిహేనేళ్ళు గడిచినా జంగ్లీఘాట్‌లో అదే అద్దె ఇంట్లో ఉన్నాను. ఈలోగా ఊరి పేరు కూడా మారింది. 2024 సెప్టెంబరు నుంచి కాగితాల మీద శ్రీ విజయపురం అని రాస్తున్నాం గానీ, నోటికి పాత పేరే వస్తోంది కనుక ఇక్కడా అదే వాడుతున్నాను. సెలవులకు వచ్చే బంధుమిత్రులు విమానం దిగిన రోజే మూడు ప్రశ్నలు అడుగుతారు: ఎక్కడ తినాలి, రాత్రిపూట ఎక్కడికి వెళ్ళాలి, తాము ఉండే వారంలో చూడదగ్గ వేడుక ఏదైనా ఉందా అని. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పి చెప్పి విసిగిపోయి, నేను స్వయంగా తిని, తిరిగి, డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నదంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

అన్నిటికంటే ముందు గడియారం సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ ఊరి రాత్రుల మీద నేను విన్న ఫిర్యాదుల్లో సగం దాన్ని పట్టించుకోకపోవడం వల్ల వచ్చినవే. ఈ ద్వీపాలు దాదాపు 93 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉన్నాయి, మన దేశపు గడియారం మాత్రం 82.5 డిగ్రీల లెక్కన నడుస్తుంది. అందువల్ల ఇక్కడ సూర్యుడు చేతి గడియారం కంటే 40 నిమిషాలు ముందుంటాడు. నవంబరు చివరలో సాయంత్రం 5 గంటలు కాకముందే పొద్దు గుంకుతుంది, నడివేసవిలో కూడా 6 గంటల దాకా సూర్యుడు ఆగడు. తెల్లవారడం కూడా అంతే తొందర కాబట్టి ఊరంతా పెందలాడే లేచి, పెందలాడే తిని, పెందలాడే పడుకుంటుంది. రాత్రి భోజనాల రద్దీ 7 గంటలకే మొదలై, 10 గంటలకు వంటగదులు కడిగేస్తారు.

మా బావమరిది మొదటిసారి హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు మధ్యాహ్నం భోంచేసి పడుకుని, రాత్రి పావుతక్కువ పదికి తయారై “పద బావా, ఊరు చూద్దాం” అన్నాడు. అబర్డీన్ బజారులో గడియార స్తంభం చుట్టూ మూసిన షట్టర్లు, వాటి ముందు నిద్రపోతున్న కుక్కలు, ఒక్క పాన్ డబ్బా తప్ప ఏమీ కనిపించలేదు. చివరికి ఒక బండి దగ్గర రొట్టె ఆమ్లెట్టు తిని ఇంటికి వచ్చాం. ఊళ్ళో రాత్రి జీవితమే లేదని అతను ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు. నిజానికి అతను నిద్రపోయిన ఆ నాలుగు గంటల్లోనే ఈ ఊరి రాత్రంతా జరిగిపోయింది. కనుక నా మొదటి సలహా ఏమిటంటే, సాయంత్రం నాలుగున్నరకే స్నానం చేసి రోడ్డు మీద ఉండండి.

ఇక తిండి విషయానికి వస్తే, ఈ ఊళ్ళో హోటలు మెనూ కార్డు చదవడం చాలావరకు వృథా ప్రయాస అని నా అభిప్రాయం. ఏ రోజు ఏం దొరుకుతుందో నిర్ణయించేవి గాలి, పడవ, ఓడ. వంటవాడి వంతు ఆ తర్వాతే వస్తుంది. మా ఇంటికి నడక దూరంలో ఉన్న జంగ్లీఘాట్ చేపల రేవులో పడవలు దింపే సమయానికి వెళితే ఆ రాత్రి ఊరంతా ఏం తినబోతోందో కళ్ళారా చూడవచ్చు. ఊళ్ళో అందరినీ కలిపే భాష హిందీయే అయినా, ఈ రేవులో మాత్రం బేరం తెలుగులోనే సాగుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడిన జాలరి కుటుంబాలు ఇక్కడ ఎక్కువ, 2011 జనగణన లెక్కల్లో కూడా ద్వీపాల జనాభాలో దాదాపు 13 శాతం మంది తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళే. మన వంజరాన్ని ఇక్కడ సురమై అంటారు, అతిథికి పెట్టే చేప అదే. కోకరి అనే మరో చేప దానికంటే చవక, పులుసుకు దానికంటే మేలు. అయినా పర్యాటకుల కోసం నడిచే హోటళ్ళలో దాని పేరు రాయరు కనుక అడిగి చేయించుకోవాలి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు విరామం ఉంటుంది. ఆ రెండు నెలల్లో వచ్చి తాజా చేప దొరకలేదని నిష్ఠూరమాడటం న్యాయం కాదు. కూరగాయలదీ అదే కథ. పొట్లకాయ, అరటి వంటివి ఇక్కడ పండుతాయి గానీ ఉల్లిగడ్డలు, బంగాళాదుంపల కోసం ప్రధాన భూభాగం నుంచి వచ్చే ఓడ మీదే ఆధారపడాలి. సముద్రం పొంగి ఓడ ఆలస్యమైతే టమాటా ధర ఒక్కరోజులో ఎక్కడికో వెళుతుంది. సాంబారులో ముక్కలు లెక్కపెట్టి ఓడ వచ్చి ఎన్ని రోజులైందో చెప్పగలనని మా ఆఫీసులో నాకో పేరుంది.

శాకాహారులకు అబర్డీన్ బజారులోని అన్నపూర్ణ నా మొదటి మాట. దక్షిణాది టిఫిన్ల కోసం పదిహేనేళ్ళుగా వెళుతున్నాను, అతిథుల్లో ఒక్కరినీ అక్కడికి తీసుకువెళ్ళి మాట పడలేదు. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం కుర్చీ కోసం వేరేవాళ్ళ వెనక నిలబడి వాళ్ళ దోసె వంక చూడవలసి వస్తుంది. మాంసాహారులు పెద్ద హోటళ్ళను వదిలి చిన్న మెస్సుల్లోకి వెళ్ళాలని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఈ ద్వీపాల చరిత్ర అంతా వాటి పళ్ళాల్లోనే ఉంది. 1921 మలబారు తిరుగుబాటు తర్వాత ఇక్కడికి పంపిన మాప్పిళ్ళల, అంటే కేరళ ముస్లింల, సంతతి నేటికీ ఊరి చుట్టుపక్కల ఉంది. వాళ్ళు తమ పల్లెలకు కాలికట్, మంజేరి, తిరూర్ అని సొంత ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు, ఆ దారిలో దొరికే పరోటా, కోడికూర జోడీకి ఊళ్ళో పోటీ లేదు. దేశ విభజన తర్వాత 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులు వచ్చి స్థిరపడ్డారు. వాళ్ళ మెస్సుల్లో ఆవముద్ద పట్టించి వండిన చేపకూర మన నాలుకకు తొలి ముద్దలో ఘాటుగా తగిలి, నాలుగో ముద్దకు అలవాటవుతుంది. నాకైతే అది వ్యసనమే అయింది.

రాయిరొయ్య, అంటే లాబ్‌స్టర్, విషయంలో మాత్రం నా చేయి కాలింది. కొన్నేళ్ళ కిందట మా మేనమామ కుటుంబాన్ని సముద్రపు తిండికి పేరుమోసిన ఒక హోటలుకు తీసుకువెళ్ళాను. సర్వరు ఒక పళ్ళెంలో బతికున్న రొయ్యను తెచ్చి, మీసాలు కదులుతుండగా చూపించి, “ఇదే చేయిస్తాను సార్” అని లోపలికి పట్టుకుపోయాడు. బిల్లులో కిలోకు పైగా తూకం వేసి 4,800 రూపాయలు రాశారు. పళ్ళెంలోకి వచ్చింది మాత్రం అరచేతిలో ఇమిడే తోక. తూకం ఎప్పుడు వేశారని అడిగితే గల్లాపెట్టె దగ్గరి మనిషి నవ్వి ఊరుకున్నాడు. మామయ్య ముందు గొడవెందుకని నేనూ డబ్బు కట్టేశాను, ఆ మొహమాటం ఖరీదు ఇప్పటికీ గుర్తొస్తుంది. అప్పటినుంచి కిలో ధర ముందే అడుగుతాను, కాటా నా కళ్ళ ముందే పెట్టిస్తాను, వండే పద్ధతి ఆ తర్వాతే మాట్లాడతాను. అలా అడిగితే మంచి హోటలువాళ్ళెవరూ నొచ్చుకోరు.

రాత్రి వినోదమనగానే నృత్యశాలలు, తెల్లవార్లూ సాగే పాటలు ఊహించుకునేవాళ్ళకు ఈ ఊరు సరిపడదని ఖండితంగా చెప్పవచ్చు. మద్యం చిల్లర అమ్మకాలు చాలావరకు ప్రభుత్వ అభివృద్ధి సంస్థ అనిడ్కో దుకాణాల ద్వారా జరుగుతాయి, కూర్చుని తాగే చోట్లు ఎక్కువగా హోటళ్ళలోనే ఉంటాయి. వాటిలో మెరైన్ హిల్ మీది బే ఐలాండ్ హోటలు నాకిష్టం, దానికి కారణం గ్లాసులో పోసేది కాదు. వాస్తుశిల్పి చార్లెస్ కొరియా 1980ల తొలినాళ్ళలో కట్టిన ఆ భవనం కొండవాలు వెంట మెట్లుమెట్లుగా సముద్రం వైపు దిగుతుంది. చీకటి పడే వేళకు అక్కడ ఒక నిమ్మరసం పుచ్చుకుని గంటసేపు గాలికి కూర్చున్నా సాయంత్రం సార్థకమే. ధరలు మాత్రం ఆ దృశ్యానికి తగ్గట్టే ఉంటాయి.

సెల్యులార్ జైలు శబ్దకాంతి ప్రదర్శనకు అతిథులతో కలిసి పాతికసార్లకు తక్కువ కాకుండా వెళ్ళి ఉంటాను. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేసిన ఆ జైలుకు ఏడు రెక్కలుండగా ఇప్పుడు మూడే మిగిలాయి. నేను మొదట చూసిన రూపంలో ప్రాంగణంలోని రావిచెట్టు తాను కళ్ళారా చూసిన కథను చెప్పుకుపోయేది. కంఠంలో నాటకీయత కొంత ఎక్కువేననిపించినా, దీపాలన్నీ ఆరిపోయి ఒక్క గది తలుపు మీద మాత్రమే వెలుగు పడిన క్షణంలో పక్కనున్న మా నాన్నగారు చెప్పులు విప్పి పాదాలు నేల మీద పెట్టి కూర్చోవడం నేను మరిచిపోలేదు. ఆరుబయట కుర్చీలు కాబట్టి వాన వస్తే తడవక తప్పదు. ఏడాదిలో దాదాపు 3,000 మిల్లీమీటర్లు కురిసే చోట మే నుంచి నవంబరు దాకా గొడుగు లేకుండా వెళ్ళడం సాహసమే. నిజానికి ఊరివాళ్ళ రాత్రి జీవితమంతా మెరీనా పార్కు గట్టు మీద ఉంటుంది. పిల్లలు, తాతలు, కాల్చిన మొక్కజొన్న, ఎదుట చీకట్లో లంగరేసిన ఓడల దీపాలు, వీటికి ఒక్క పైసా టిక్కెట్టు లేదు.

హావ్‌లాక్, అంటే 2018 చివర స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన దీవి, రాత్రులకు కొంచెం ఎక్కువ పేరున్నది. బీచి పక్క కేఫుల్లో గిటారు పాటలు వింటూ గడపవచ్చు గానీ, నేను అక్కడికి వెళ్ళమని చెప్పేది వేరే పని మీద. అమావాస్య రాత్రి మడ అడవుల మధ్య కయాక్ పడవలో తీసుకువెళ్ళి నీటి వెలుగు చూపిస్తారు. గైడు టార్చి ఆర్పేయమన్నాక కాసేపు ఏమీ కనిపించదు. తర్వాత తెడ్డు నీటిలో ముంచితే దాని అంచు వెంట నీలి రవ్వలు చెదురుతాయి, చేయి ముంచి తీస్తే వేళ్ళ సందుల్లోంచి మిణుగురులు జారిపోతున్నట్టుంటుంది. నీటిని కదిపినప్పుడు వెలిగే సూక్ష్మజీవుల పని అది. మొదటిసారి నేను తిథి చూసుకోకుండా పౌర్ణమి ముందురోజు వెళ్ళి, వెన్నెల తప్ప మరేమీ చూడకుండా తిరిగివచ్చాను. బుక్ చేసినవాడు ఆ మాట ముందే చెప్పి ఉండవలసింది. మన ఇంట్లో గోడ మీది పంచాంగం క్యాలెండరు ఇంత దూరంలో కూడా పనికొస్తుందని అప్పుడు అర్థమైంది.

వేడుకల కోసమే వచ్చేవాళ్ళకు జనవరి మంచిది. ద్వీప పర్యాటక ఉత్సవం (ఐటీఎఫ్) జరిగే ఏడాది ఐటీఎఫ్ మైదానం కళకళలాడుతుంది, నేతాజీ జయంతి 23వ తేదీ ప్రాంతంలో హావ్‌లాక్‌లో సుభాష్ మేళా జరుగుతుంది. వేదిక మీది సినిమా పాటల కంటే ద్వీపవాసుల నృత్యాలు, నికోబారీల ప్రదర్శనలు చూడదగ్గవి. నాకు మాత్రం ఊరి అసలు పండుగలు మార్చి, ఏప్రిల్ నెలల్లో తమిళుల పంగుని ఉత్తిరం, ఆ తర్వాత వినాయక చవితి, దుర్గాపూజ అనిపిస్తుంది. కావడి ఎత్తుకుని మురుగన్ గుడికి నడిచేవాళ్ళకు దారిలో మజ్జిగ పోసేవాళ్ళలో బెంగాలీలు, మలయాళీలు, మనవాళ్ళు అందరూ ఉంటారు. తేదీలు ఆలస్యంగా ప్రకటించడం ఇక్కడి పాత జబ్బు. ప్రభుత్వ దినపత్రిక డైలీ టెలిగ్రామ్స్ చూస్తే ఓడల వేళలు, మేళాల ప్రకటనలు రెండూ దొరుకుతాయి. ఒకసారి స్నేహితులతో టిక్కెట్లు కొని వెళ్ళిన ఒక సంగీత కార్యక్రమం గాయకుడి విమానం రద్దయి ఆగిపోయింది, డబ్బు వెనక్కి రావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఒకప్పుడు ఇవన్నీ నోటిమాటగానే తెలిసేవి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబులు ప్రారంభమయ్యేదాకా ఉపగ్రహం మీద ఈడ్చుకుంటూ నడిచే ఇంటర్నెట్‌లో ఒక ఫొటో తెరుచుకునేలోపు టీ చల్లారేది. ఇప్పుడు టీ బండి మీద కూడా క్యూఆర్ కోడ్ ఉంది. అయినా చిన్న దీవులకు వెళ్ళేటప్పుడు నాలుగు రోజులకు సరిపడా నగదు పెట్టుకోండి, గాలివానకు సిగ్నల్ పోయిన రోజున హోటలు యజమానీ మీరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవలసి వస్తుంది.

మార్కులు వేయమంటే తిండికి పదికి ఎనిమిది, సాయంత్రాలకు తొమ్మిది, రాత్రి 10 దాటాక సున్నా వేస్తాను. ఇది రాయడం ముగించే ముందు చేపల కోసం రేవుకు వెళ్ళొచ్చాను. ఎప్పుడూ మాకు చేప ఇచ్చే పెద్దావిడ బుట్ట బోర్లించి దాని మీదే కూర్చుని ఉంది. “గాలి తిరిగిపోనాది బాబూ, రెండు దినాలు సురమై మాటెత్తకు” అంది. ఈ రాత్రి మా ఇంట్లో పప్పుచారు, అప్పడాలు.