డిజిటల్ స్మైల్ డిజైన్: ఒక ఫిజిక్స్ మాస్టారి మూడేళ్ల అనుభవం

డిజిటల్ స్మైల్ డిజైన్ అంటే మన నవ్వు ఎలా మారుతుందో ముందే కంప్యూటర్‌లో గీసి చూపించడం. స్కానర్, ఫోటోలు, స్క్రీన్ మీద కొత్త పళ్లు... ఇవన్నీ ఎవరైనా చెబుతారు, వదిలేద్దాం. నేను చెప్పేది ఆ డిజైన్‌ను ముందుగా నోట్లో పెట్టి చూసే ట్రయల్ గురించి.

మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. తొంభైల మధ్యలో సత్యసాయి ట్రస్టు తాగునీటి పథకం నీళ్లు వచ్చేసరికి నాకు తొమ్మిదేళ్లు. ముందుపళ్లు చిగుళ్లలో తయారయ్యే వయసంతా ఫ్లోరైడ్ బోరు నీళ్లతోనే గడిచిపోయింది. తర్వాత ఎంత మంచినీళ్లు తాగినా ఆ గోధుమరంగు మచ్చలు పోవు. పై ఆరు పళ్లకు వెనీర్లు (పంటిని కాస్త అరగదీసి ముందువైపు అతికించే పలచని పింగాణీ పొరలు) వేయించుకుందామని అనంతపురంలో ఒక క్లినిక్‌కు వెళ్లాను.

స్క్రీన్ మీద నవ్వు చూసి మా ఆవిడ అక్కడే ఓకే అనేసింది. డాక్టరే ఆగమన్నారు. ఆ డిజైన్‌ను త్రీడీ ప్రింట్ తీసి, దానికి అచ్చు చేసి, అందులో రెజిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) నింపి నా పళ్ల మీద నొక్కారు. పళ్లు అరగదీయకుండానే. కాసేపటికి గట్టిపడింది. "ఒక రోజు ఉంచుకుని మాట్లాడి చూడండి" అన్నారు.

మరుసటి రోజు తొమ్మిదో తరగతి. "ఫోర్స్" అన్నాను. పంటి అంచు కింది పెదవికి గుచ్చుకుని గాలి బుస్సుమంది. "ఫ్రిక్షన్" ఇంకా ఘోరం. వెనక బెంచీలోంచి ఒకడు, "సార్, ప్రిక్షన్ అనండి సార్, మేమూ అట్లే అంటాం" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా.

సాయంత్రం డాక్టర్ నాచేత నాలుగైదుసార్లు "ఫిఫ్టీ ఫైవ్" అనిపించి, మధ్య రెండు పళ్ల అంచు అర మిల్లీమీటరు తగ్గించారు. అంతే, బుస్సు పోయింది. ఆ కొలతనే మళ్లీ స్కాన్ చేసి ల్యాబ్‌కు పంపారు. నేరుగా వెనీర్లు చేయించుకుని ఉంటే నా ఉద్యోగం ఏమయ్యేదో!

అయితే రంగు దగ్గర అదే ట్రయల్ నన్ను ముంచింది. రెజిన్ దట్టంగా ఉండి మచ్చల్ని పూర్తిగా కప్పేసింది. పింగాణీ వెనీరు పలచన, వెలుతురు లోపలికి పోతుంది. అతికించాక ఎడమ కోరపంటి మీద మచ్చ బూడిదరంగు నీడలా తేలింది. ట్యూబ్‌లైట్ కింద తెలియదు. ఎండలో బండి అద్దంలో చూసుకుంటే తెలుస్తుంది. ఈ సంగతి ముందే ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. అడిగితే, తీసేసి మళ్లీ చేయాలన్నారు. ఇంకోసారి అరగదీతకు నాకు ధైర్యం చాలలేదు.

నా మచ్చలు ముదురు, రోజంతా పిల్లల ముందు నోరు తెరిచే ఉద్యోగం, కాబట్టి చీటీ పాడి పెట్టిన డబ్బు వృథా కాలేదనే అనుకుంటున్నాను. నాకన్నా ఆరేళ్లు చిన్నవాడైన మా తమ్ముడివి ఉత్త తెల్ల చారలు. వాడికి వద్దనే చెప్పాను, పంటి పైనుండే గట్టి పొర, ఎనామిల్, ఒకసారి తీస్తే మళ్లీ రాదు. వాడు ఇప్పటికీ శనక్కాయలు పళ్లతో కొరికే ఒలుస్తాడు, నేను చేత్తో ఒలుచుకుంటున్నాను.