పేరెంట్స్ జాగ్రత్త: మాటలు రాని పిల్లాడి కార్డులు లాక్కుని బీరువా మీద పెట్టిన టీచర్

హైదరాబాద్‌లో స్పెషల్ పిల్లలకి స్కూల్ వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. పేరు రాయడం లేదు. బోర్డు మీద ఇన్‌క్లూజివ్ (అంటే అందరు పిల్లలనీ కలిపి చదివిస్తాం) అని రాసుకుని, మామూలు ఫీజు కాకుండా షాడో టీచర్ (పిల్లాడి పక్కనే ఉండి సాయం చేసే టీచర్) పేరుతో నెలనెలా వసూలు చేసే స్కూళ్లు మీకు తెలిసినవే. వాటిలో ఒకటి.

మా బాబుకి ఎనిమిదేళ్లు. ఆటిజం, మాటలు రావు. ఏం కావాలన్నా బొమ్మల కార్డులు చూపించే అడుగుతాడు. నీళ్లు, బాత్రూమ్, అమ్మ, చాలు... అన్నీ లామినేషన్ చేయించి, రింగుకి గుచ్చి, నడుముకి తగిలించి పంపుతాం. ఆ అలవాటు రావడానికి వాడు థెరపీలో ఎంత కష్టపడ్డాడో మాకు తెలుసు.

కొన్నాళ్లుగా వాటర్ బాటిల్ నిండుగానే తిరిగొస్తోంది. ఇంట్లోకి రాగానే బూట్లు కూడా విప్పకుండా కుళాయి దగ్గరికి పరిగెత్తేవాడు. టీచర్‌ని అడిగితే "ఇస్తే తాగడు మేడమ్" అన్నారు. నిన్న చెప్పకుండా క్లాసు టైమ్‌లోనే వెళ్లాను. మూలన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పెదాలు ఎండి పగిలిపోయాయి. నడుముకి రింగు లేదు. అది బీరువా మీద, వాడికి అందనంత ఎత్తులో ఉంది. వాడు దానివైపే చూస్తూ చెయ్యి చాపి, గుప్పిట మూస్తూ తెరుస్తూ ఉన్నాడు.

ఇదేంటండీ అంటే ఆ టీచర్ కొంచెం కూడా తడబడలేదు. "ఎప్పుడూ వాటర్ కార్డే చూపిస్తాడు మేడమ్. తాగితే మాటిమాటికీ బాత్రూమ్‌కి ఎవరు తీసుకెళ్తారు? అయినా వాడికేం తెలుస్తుంది?"

వాడికేం తెలుస్తుందా! దాహమేస్తోందని తెలుసు, అడగాలని తెలుసు, ఎలా అడగాలో కూడా తెలుసు. అడిగే దారే తీసేశారు. మాట్లాడే పిల్లాడి నోటికి ప్లాస్టర్ అంటిస్తే ఏ తల్లయినా ఊరుకుంటుందా? ఇదీ అంతే. ఇప్పుడు రాస్తుంటే కూడా చేతులు వణుకుతున్నాయి.

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తే "నచ్చకపోతే టీసీ తీసుకోండి, ఫీజు మాత్రం వెనక్కి రాదు" అన్నారు. సారీ అన్న మాట కూడా లేదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 92 చూడండి. తమ చేతికింద ఉన్న దివ్యాంగులకి తెలిసి తెలిసి తిండి గానీ నీళ్లు గానీ ఇవ్వకపోవడం నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చాం, రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కీ పంపుతున్నాం.

అడ్మిషన్‌కి వెళ్తే స్పెషల్ ఎడ్యుకేటర్ ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. క్లాసు చూడటానికి ఎప్పుడైనా రానిస్తారో లేదో ముందే తేల్చుకోండి. బాటిల్ రోజూ చూడండి. ఏదైనా జరిగితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. సీసీటీవీ ఫుటేజ్ కావాలని అదే రోజు రాసిచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకోండి. ఆలస్యమైతే పాత రికార్డింగ్ చెరిగిపోతుంది.