పియర్ 21 కుటుంబ చరిత్ర కేంద్రం: ఓడ దాకా మంచి తోడు, ఇంటి దాకా కాదు

కెనడా తూర్పు తీరాన హాలిఫాక్స్ రేవులో ఒకప్పటి వలస కార్యాలయ భవనాన్ని ఇప్పుడు జాతీయ వలస మ్యూజియంగా నడుపుతున్నారు. పియర్ 21గా పేరుపడ్డ ఆ మ్యూజియంలో స్కోషియాబ్యాంక్ పేరుతో ఒక కుటుంబ చరిత్ర కేంద్రం ఉంది. తమ పెద్దవాళ్లు ఏ ఓడలో, ఎప్పుడు దిగారో తెలుసుకోగోరి వచ్చేవారికి అక్కడి సిబ్బంది రుసుము తీసుకోకుండా సాయం చేస్తారు. మా వియ్యంకుడి తల్లి, అంటే మా కోడలికి నాయనమ్మ, 1946లో ఇంగ్లండు నుంచి వచ్చి ఈ రేవులోనే దిగింది. ఆంటారియోలోని పెర్త్ అనే చిన్న పట్నం దగ్గర ఒక ఇంట్లో కోడలిగా అడుగుపెట్టి, 2001లో కన్నుమూసేదాకా ఆ ఇంటికి పెద్దదిక్కుగా బతికింది. ఆమె చరిత్రను పిల్లల కోసం ఒక వరుసలో రాసి ఉంచాలని మా కోడలు పూనుకుంది. ఒట్టావాలో కొడుకు దగ్గర ఉంటున్న నేను, పాత కాగితాల మీద నాకున్న మోజు కొద్దీ, ఆ పనిలో ఆమెతో పాటు తిరిగాను. విదేశీ కుటుంబాలతో వియ్యమందిన తెలుగువారు ఇప్పుడు తక్కువేమీ కాదు కనుక, ఈ కేంద్రం ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో వివరంగా చెప్పడం మంచిదనిపించింది.

ముందు ఆ చోటు సంగతి. 1928లో తెరిచిన ఆ రేవు గుండా 1971లో మూసేలోపు దాదాపు పది లక్షల మంది కెనడాలో ప్రవేశించారు. 1999లో దాన్ని మ్యూజియంగా తెరిచారు, 2011లో జాతీయ హోదా వచ్చింది. ఆమెలాగే రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కెనడా సైనికులను పెళ్లాడిన స్త్రీలు, దాదాపు 48,000 మంది, వారి పిల్లలు 22,000 మంది ఆ యుద్ధ సంవత్సరాల్లోనూ తరువాతా కెనడాకు చేరారు. వారిలో అత్యధికులు బ్రిటన్ ఆడపిల్లలే. కెనడా సైన్యం ఆల్డర్‌షాట్ చుట్టుపక్కల, సర్రీ, ససెక్స్ ప్రాంతాల్లో ఏళ్ల తరబడి విడిది చేసి ఉండడమే దీనికి కారణం. మొదటి దళాలు 1939 డిసెంబరులో దిగితే 1940 జనవరిలోనే మొదటి పెళ్లి జరిగిపోయింది! వీరి ప్రయాణం ఖర్చు కెనడా ప్రభుత్వమే పెట్టుకుంది, ఆ ఏర్పాట్లు చూడడానికి 1944లో లండన్‌లో ప్రత్యేకంగా ఒక కార్యాలయం కూడా పెట్టింది. 1946 ఫిబ్రవరిలో లివర్‌పూల్ నుంచి మారిటేనియా ఓడ నిండా వధువులు వచ్చినప్పటి నుంచి ఆ రాకలు ఒక వరదలా సాగాయి.

కేంద్రంలో మాకు అందిన సాయంలో నాకు అన్నిటికన్నా నచ్చింది సిబ్బంది ప్రశ్నలు అడిగే తీరు. పేరు, ఊరు అడిగి వెంటనే కంప్యూటరులో వెతకడం మొదలుపెట్టకుండా, ఇంట్లో ఏ కాగితాలు ఉన్నాయి, ఆమె రాసిన ఉత్తరాల మీద ఏ తేదీ ఉంది, బిడ్డతో వచ్చిందా ఒంటరిగా వచ్చిందా, మొదటి బిడ్డ ఎప్పుడు ఎక్కడ పుట్టాడు అని వరుసగా రాబట్టారు. మా వియ్యంకుల ఇంట్లో నాయనమ్మ క్వీన్ మేరీలో వచ్చిందని అందరూ చెప్పుకుంటారు. మా కోడలు వెంట తెచ్చిన పెట్టెలో ఆమె తల్లికి రాసిన ఉత్తరం ఒకటి ఉంది, అందులో ఓడ పేరు లేదు గానీ దిగిన తేదీ ఉంది. ఓడల రాకపోకల పట్టికలతో ఆ తేదీని సరిచూస్తే అది అక్విటేనియా అని తేలింది. 1914 నాటి ఆ నాలుగు పొగగొట్టాల ఓడ ఫొటో కాపీ కూడా ఇచ్చారు. క్వీన్ మేరీ కూడా 1946లో వధువులను హాలిఫాక్స్‌కు తెచ్చిన మాట నిజమే. పేరున్న ఓడ కనుక చాలా కుటుంబాల జ్ఞాపకాల్లో మిగతా ఓడలన్నీ దానిలో కలిసిపోయి ఉంటాయని నాకు తోచింది. మా వియ్యంకుడికి మాత్రం ఈ దిద్దుబాటు రుచించలేదు, ఇప్పటికీ క్వీన్ మేరీ అనే అంటాడు.

ఇక పరిమితుల దగ్గరికి వస్తాను, ఇవి కేంద్రం లోపాలు కావు, కెనడా దస్తావేజుల చట్టం నుంచి వచ్చినవి. 1935 వరకు వచ్చిన ప్రయాణికుల పట్టికలు లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా అధీనంలో ఉన్నాయి, వాటిని ఎవరైనా చూడవచ్చు. 1936 నుంచి వచ్చినవారి వివరాలు మాత్రం వలస మంత్రిత్వ శాఖ దగ్గరే ఉంటాయి. వాటి కోసం సమాచార హక్కు చట్టం కింద అయిదు డాలర్ల రుసుముతో దరఖాస్తు పెట్టాలి. ఆ మనిషి చనిపోయి ఇరవై ఏళ్లు దాటినట్టు ఆధారం చూపాలి, లేదా బతికి ఉంటే సంతకంతో అనుమతి పొందాలి. దరఖాస్తు చేసేవారు కెనడా పౌరులో, శాశ్వత నివాసులో, లేదా ఆ సమయానికి కెనడాలో ఉన్నవారో అయి ఉండాలి. కనుక విజయవాడలోనో హైదరాబాదులోనో కూర్చుని వియ్యాలవారి వంశచరిత్ర తవ్వాలనుకునేవారు అక్కడ ఉన్న బంధువుల చేతనే ఈ పని చేయించుకోక తప్పదు. ఈ సంగతులన్నీ కేంద్రంలో ఓపికగా చెప్పి, దరఖాస్తులో ఏ గడిలో ఏమి రాయాలో కూడా చూపిస్తారు. ఓడ దిగిన రోజు కాగితం అక్కడికక్కడే చేతికి వస్తుందనుకుని వెళ్లేవారు మాత్రం నిరాశ పడతారు.

ఇంగ్లండు వైపు కథ ఈ కేంద్రం పరిధిలోకి రాదు, అందుకు వేరే దారులు పట్టాలి. 1923లో పుట్టిన ఆమె 1921 జనగణనలో ఉండదు. 1931 నాటి ఇంగ్లండు జనగణన కాగితాలు 1942లో అగ్నికి ఆహుతయ్యాయి, 1941లో యుద్ధం వల్ల జనగణనే జరగలేదు. మిగిలింది 1939 సెప్టెంబరు 29న ఇంటింటికీ తిరిగి రాసిన జాతీయ నమోదు ఒక్కటే. గిల్డ్‌ఫర్డ్ దగ్గర ఒక వీధిలో, తల్లిదండ్రుల పేర్ల కింద, పదహారేళ్ల ఆమె ‘దుకాణంలో సహాయకురాలు’గా కనిపించింది. ఆ పుస్తకాన్ని గుర్తింపు కార్డుల కోసమూ తరువాత ఆరోగ్య సేవల కోసమూ చాలాకాలం వాడుతూ వచ్చారు కనుక, పెళ్లయిన ఆడవారి పుట్టింటి పేరు కొట్టివేసి పైన కొత్త ఇంటిపేరు రాసేవారు. ఈమె పుట్టింటి పేరు మీద కూడా ఆకుపచ్చ సిరాతో ఒక గీత ఉంది, దాని పైన పెర్త్‌లోని ఆ కుటుంబం పేరు ఉంది. ఇంత ప్రయాణంలో మా కోడలు కళ్లనీళ్లు పెట్టుకున్నది ఆ గీత చూసినప్పుడే.

పెళ్లి ధ్రువపత్రం ఇంగ్లండు రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి తెప్పించాము. 1912 నుంచి పెళ్లిళ్ల సూచికలో రెండో పక్షం ఇంటిపేరు కూడా ఉంటుంది కనుక దాన్ని గుర్తుపట్టడం తేలిక. ధ్రువపత్రంలో ఆమె తండ్రి వృత్తి ‘బస్సు కండక్టరు’ అని ఉంది, బడిపంతులు అని మేము విన్న మాటకు ఆధారం దొరకలేదు. ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. చందా కట్టించుకునే ఒక వెబ్‌సైటులో ఎవరో కట్టిన వంశవృక్షం ఆమెను అదే పేరున్న మరో యువతితో కలిపేసి, లేని అన్నదమ్ములను అంటగట్టింది. ఇతరులు కట్టిన వృక్షాలను ఆనవాళ్లుగా మాత్రమే చూడాలి, వాటి మీద ఆధారపడి ఒక్క పేరు కూడా రాసుకోకూడదు.

ఓడ దిగిన తరువాతే అసలు చరిత్ర మొదలవుతుంది, దానికి కావలసినది ఆంటారియోలో ఉంది. కెనడా 1931 జనగణనను 92 ఏళ్ల గడువు ముగియగానే 2023 జూన్‌లో విడుదల చేశారు. అందులో ప్రతి కుటుంబానికీ ఇల్లు సొంతమా అద్దెదా, దేనితో కట్టినది, ఎన్ని గదులు, రేడియో ఉందా అన్న ప్రశ్నలు ఉన్నాయి. ఆమె అత్తవారిల్లు చెక్కతో కట్టిన ఆరు గదుల సొంత ఇల్లు, రేడియో లేదు, ఇంటిపెద్ద వృత్తి వ్యవసాయం. పదిహేనేళ్ల తరువాత లండన్ పక్క నుంచి ఆ ఇంటికి వచ్చిన అమ్మాయికి కరెంటు లేని వంటగది, పెరట్లో మరుగుదొడ్డి, పొరుగిల్లు కనిపించనంత దూరం ఎదురయ్యాయి. ఇవి వియ్యంకుడు అత్తల దగ్గర విన్న మాటలు. ఊహించుకోవడానికి మనకు కష్టమేమీ లేదు, చూడని అత్తవారింటికి ఊరు దాటి వెళ్లడం మన ఆడపిల్లలకు తరతరాలుగా తెలిసిన అనుభవమే. తేడా అల్లా ఈమెకు పండగకు పుట్టింటికి వెళ్లి రావడానికి మధ్యలో మహాసముద్రం అడ్డు వచ్చింది. కొలతల దగ్గర నుంచి అన్నీ కొత్త కావడం వల్లనేమో, కెనడా ప్రభుత్వం 1945లో బ్రిటిష్ వధువుల కోసమే ఒక వంటల పుస్తకం కూడా అచ్చువేసి పంచింది.

ఆమె గురించి మాకు దొరికిన అన్నిటిలోకీ విలువైనది విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే మహిళా సంఘపు చేతిరాత పుస్తకంలో ఉంది. ఈ సంఘం 1897లో ఆంటారియోలోని స్టోనీ క్రీక్‌లో పుట్టి, 1915లో బ్రిటన్‌కు పాకింది. ఆంటారియో శాఖలు ట్వీడ్స్‌మ్యూర్ పుస్తకాల పేరుతో తమ ఊరి చరిత్రలను రాసి, పత్రికల కత్తిరింపులు, పొలాల వారసత్వం, విందులు, పెళ్లిళ్లు అన్నీ అతికించి దాచుకున్నాయి. వాటిలో చాలా భాగాన్ని ఇప్పుడు డిజిటల్ రూపంలో చూడవచ్చు. ఊరి పుస్తకంలో 1950ల చివర ఆమె కార్యదర్శిగా ఉంది, కొన్ని పేజీలు ఆమె దస్తూరీలోనే ఉన్నాయి. 1834 నుంచి అచ్చవుతూ వచ్చిన పెర్త్ కూరియర్ పత్రిక పాత సంచికల్లో ‘ఇంగ్లండు నుంచి తల్లిదండ్రులు వచ్చి వేసవి గడిపి వెళ్లారు’ లాంటి రెండు వరుసల వార్తలు కూడా దొరుకుతాయి, వాటిని గ్రంథాలయంలో మైక్రోఫిల్ముల మీద చూడవచ్చు.

ఇక లెక్క చెబితే, ఓడ, తేదీ, ఆ కాలపు ఫొటోలు, దరఖాస్తు సలహా కావలసినవారు పియర్ 21 కేంద్రానికి నిస్సందేహంగా వెళ్లవచ్చు. హాలిఫాక్స్ వెళ్లలేనివారు ఈమెయిలులో అడిగినా సమాధానం ఇస్తారు, అయితే ముందుగానే పెళ్లి ధ్రువపత్రమూ, తేదీలున్న ఉత్తరాలూ స్కాన్ చేసి పెట్టుకోవాలి. పక్కనే సోబీ పేరిట ఉన్న ఇటుకల గోడ మీద విరాళం ఇచ్చి కుటుంబం పేరు చెక్కించుకునే వీలుంది. అది మా కోడలికి నచ్చింది, నాకు మాత్రం ఆ డబ్బుతో ఇంగ్లండు నుంచి ఆమె తల్లిదండ్రుల ధ్రువపత్రాలు కూడా తెప్పించుకుంటే మేలనిపించింది. మ్యూజియం చూడడానికి టిక్కెట్టు వేరుగా కొనాలి. వెళ్లేవారు అక్కడికి ఉదయాన్నే చేరితే, విహార నౌకలు రేవుకు వచ్చే వేసవి రోజుల్లో తోపులాట తప్పుతుంది.